పాతబడ్డ కొద్దీ పిరం

మా లింబయ్య మామను బోధన్‌లో సగం మంది జర్మన్ లింబయ్య అనేవారు. ఆయన జర్మనీ పోయింది లేదు, ఆ భాష ఒక్క ముక్క వచ్చింది లేదు. నిజామాబాద్ దాటి హైదరాబాద్ పోవాలంటేనే వారం ముందు నుంచి అన్నం సహించని మనిషి. ఆ పేరు ఎట్లా వచ్చిందో, అది విన్నప్పుడల్లా ఆయన తల ఎందుకు దించుకునేవాడో చెప్తాను. నేను ఆయన అక్క కొడుకుని. ఆయన ఉన్న గల్లీ మొదట్లోనే నా కిరాయి సైకిళ్ల దుకాణం. గల్లీలోకి ఎవరు పోవాలన్నా, రావాలన్నా నా ముందు నుంచే కాబట్టి ఇందులో చాలామటుకు నా కళ్లతో చూసిందే. మిగిలింది మామ తానే చెప్పాడు. అదీ చాలా ఆలస్యంగా, నేల చూపులు చూస్తూ.

మామ పని శక్కర్ ఫ్యాక్టరీలో చక్కెర బస్తాల మీద ముద్ర కొట్టడం. రేకులో కోసిన అక్షరాలను గోనె మీద ఆనించి నల్లరంగు రుద్దాలి. వేరేవాళ్లు రుద్దితే రంగు కారి ఏ అక్షరమో తెలిసేది కాదు. మామ రుద్దితే అంచు చెదిరేది కాదు. చక్కెర అయిపోయాక వడ్లు పోసుకునే గోనెకు అంత సోకు ఎందుకని నేను ఎన్నోసార్లు దెప్పాను. నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు నవ్వి ఊరుకోవడం బాగా వచ్చు. నోరు తెరిచి ఇది నాకిష్టం అని చెప్పడం మాత్రం రాదు.

1956లో చెరుకు గానుగ మొదలయ్యే ముందు మిల్లు రోలర్లు బిగించడానికి ఒక జర్మన్ దొర వచ్చాడు. ముసలాయన, ఎర్రటి మెడ. పోయే ముందు గోదాంలో బస్తాల వరస దగ్గర నిలబడి ముద్రలు చూశాడట. ఇవి కొట్టింది ఎవరని సైగ చేసి అడిగి, తన తోలు సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి మామ చేతిలో పెట్టాడు. అది వాళ్ల రాజుల కాలం నాటి నోటు. మొదటి పెద్ద యుద్ధానికి ముందుది. రాజు పోయాడు, నోటూ పోయింది. అక్కడ అది చెల్లదు, ఇక్కడా చెల్లదు.

ఆ నోటు నేనూ చూశాను. మన నోట్లకంటే జానెడు పొడుగనిపించేది, నీలి రంగు. వెనకవైపు చెట్టు కింద ఒక ఆడమనిషి కత్తి, డాలు పట్టుకుని కూర్చుని ఉంటుంది. వెనక సముద్రం, దానిమీద ఓడలు. కాళ్ల దగ్గర నాగలి, సుత్తి, ఇంకా ఏవేవో సామాన్లు. అన్నీ వెంట్రుక కన్నా సన్నని గీతలతో గీసినవి. వెలుగుకు పెడితే కాగితం లోపల ఒక గడ్డపు ముసలి రాజు కనిపిస్తాడు. మామ ఆ రాజును ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. స్నానం చేసి, చేతులు తుడుచుకుని, పొద్దుటి ఎండకు ఎత్తి పట్టుకునేవాడు.

ఒకటితో ఆగితే గొడవే లేదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు హైదరాబాద్ పోయి, జుమ్మేరాత్ బజారులో పాత సామాన్లు అమ్మే ఒక ముసలి సాయబు దగ్గర అట్లాంటివే వెతికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఎర్ర ముద్రల గోధుమరంగు వెయ్యి మార్కుల నోటు ఒకటి, తల్లీపిల్లాడి బొమ్మ ఉన్న చిన్న నోటు ఒకటి, ఇట్లా. అవి హైదరాబాద్‌కు ఎట్లా వచ్చాయో ఆ సాయబు మొదటిసారే చెప్పాడు. యుద్ధం తర్వాత జర్మన్ నోటు పడిపోతే, మళ్లీ లేస్తుందిలే అని ఒక నవాబు సంచుల కొద్దీ కొని పెట్టుకున్నాడట. లేవలేదు. నవాబు పోయాక కొడుకులు తూకానికి అమ్మారు. మామ ఆ మాట విన్నాడు, నవ్వాడు, నోట్లు కొన్నాడు. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి. ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

ఇక గల్లీ సంగతి. మా దగ్గర ఒక మనిషి కల్లుకు తగలేస్తే అర్థం చేసుకుంటారు, పేకాటకు తగలేసినా పాపం అంటారు. బొమ్మలున్న చెల్లని కాగితాలకు తగలేస్తే పిచ్చోడంటారు. మా రాధాబాయి అత్త అయితే ఇంట్లోనే అనేది. పిల్లలకు చెప్పులు లేవు కానీ నోటు మీది జర్మనీ రాణికి బట్టల పెట్టె దొరికిందని. మామకు ఆ ఎగతాళి అంటే చచ్చేంత సిగ్గు. అందుకని ఒకనాడు చాయ్ హోటల్లో, ఫ్యాక్టరీ దోస్తులు చుట్టూ చేరి ఇవి ఎందుకు పనికొస్తాయని గుచ్చి గుచ్చి అడిగితే, నిజం చెప్పలేక నోటికొచ్చింది అనేశాడు.

"పాత నోటు గదా. పాతబడ్డ కొద్దీ పిరమైతది."

అంతే, ఎగతాళి ఆగిపోయింది. బొమ్మలు చూసి మురిసేవాడు పిచ్చోడు, ధర కోసం కాచుకునేవాడు తెలివిగలవాడు. ఆ సాయంత్రం నుంచి జర్మన్ లింబయ్య అనే పేరులో వెటకారం పోయి మర్యాద చేరింది. హోటల్లో బెంచీ మీద జరిగి చోటిచ్చారు. ఎవరింట్లో పంచాయితీ అయినా కబురు పెట్టారు. మామ కాదనలేదు. పుట్టి బుద్ధెరిగాక నలుగురు ఆయన మాట వినడం అదే మొదటిసారి.

ఆ మాట హోటల్ దాటి గల్లీకి పాకింది. విన్నవాళ్లలో మా గల్లీ చివరి ఇంటి వెంకటవ్వ కూడా ఉంది. మామకంటే పదేళ్లు పెద్దది, మామ ఆమెను అక్కా అని పిలిచేవాడు, ఆమె తమ్మీ అనేది. మొగుడు పోయినా కౌలు చెరుకు తానే నిలబడి చేయించే మనిషి. పుట్టిల్లు నందిపేట్, పసుపు పండించే ఇల్లు. ఆమెకు సొంత తమ్ముడు ఒక్కడే, పోశయ్య. పెద్దరోగం, అంటే కుష్టు వచ్చి డిచ్‌పల్లి దవఖానలో ఉన్నాడు. ఆదివారం పూట మొక్కజొన్న గట్క, చింతకాయ తొక్కు గుడ్డలో కట్టుకుని ఆమె నా దుకాణం ముందు నుంచే బస్సుకు పోయేది. ఎక్కడికమ్మా అంటే దాచకుండా చెప్పేది. ఆ రోజుల్లో ఆ మాట దాచకుండా చెప్పే ధైర్యం ఎవరికుంది?

వానాకాలం వెళ్లాక మామ తన నోట్లకు గాలి తగిలించేవాడు. చెమ్మ పడితే మచ్చలు వస్తాయని, చాటలో తెల్లగుడ్డ పరిచి, నోట్లను నీడలో ఆరబెట్టి, మధ్యమధ్య ఎండు వేపాకు పెట్టి మళ్లీ కట్టేవాడు. వెంకటవ్వ గోడ పక్కన నిలబడి ఆ పని అంతా చూసేది. ఆమెకు అది కొత్తగా కనిపించలేదు. వాళ్ల పుట్టింట్లో పసుపు కొమ్ములను అట్లాగే ఆరబెట్టి, గడ్డి పరిచి పాతరలో వేసి, ధర వచ్చేదాకా రెండేళ్లయినా మూడేళ్లయినా ఆగుతారు. నిజామాబాద్ గంజ్‌లో బేరగాడు ఎగబడి అడుగుతున్నాడంటే అమ్మొద్దు, వాడికి ముందర ధర తెలిసే అడుగుతున్నాడని అర్థం. ఇది పసుపు రైతు పిల్లకు ఉగ్గుపాలతో వచ్చే తెలివి.

ఇంతలో హాలీ సిక్కా బందయింది. ఈ కాలం పిల్లలకు తెలియదు కానీ, నిజాం రాజ్యంలో మా డబ్బు వేరు. దాన్ని హాలీ అనేవాళ్లం, బయటి డబ్బు కల్దార్. రాజ్యం పోయాక కూడా కొన్నేళ్లు రెండూ నడిచాయి. చివరికి ఫలానా గడువు లోపల హాలీ తెచ్చి కల్దార్ తీసుకుపోవాలని, తర్వాత చెల్లదని డప్పు కొట్టించారు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ కొట్టించారు. మామ తన దగ్గర ఉన్న నాలుగు హాలీ నోట్లను మొదటి వారంలోనే మార్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మామ షిఫ్టు దిగి దోస్తులతో నా దుకాణం ముందు నిలబడ్డాడు. వెంకటవ్వ అటు వచ్చింది. సర్కారు పాత నోట్ల కోసం ఇంత తొందర పడుతున్నదేమిటని అడిగి, తర్వాత అసలు సంగతి అడిగింది.

"తమ్మీ, గందరు పాత నోట్లు మార్సుకుంటున్నరు. నీ జర్మన్ నోట్లు నువ్వు మార్సవా?"

దోస్తులు మామ మొహం చూస్తున్నారు. ఆయన భుజం మీద కండువా సర్దుకుని, "నేనెందుకు మారుస్త అక్కా? దాసిపెట్టినోనికే ఫాయిదా," అన్నాడు.

ఆమె తల ఊపి పోయింది. మామ దగ్గర ఏముందో ఆమెకు తెలుసు. ఆమె దగ్గర ఏముందో మా ఎవ్వరికీ తెలియదు. మొగుడి అన్నదమ్ములకు తెలిస్తే లాక్కుంటారని ఏళ్ల తరబడి చెరుకు పైసల్లోంచి తీసి దాచుకున్న హాలీ నోట్ల కట్ట ఒకటి ఆమె ఇంటి నేలలో ఉంది.

ఆ కట్ట సంగతి మామకు తెలిసేసరికి గడువు పోయి రెండో వానాకాలం కూడా పోయింది. దసరా నాడు మామ జమ్మి పట్టుకుని ఆమె ఇంటికి పోయాడు. మా దగ్గర దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారం అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. ఆమె ఆకు తీసుకుని దీవించి, తలుపు దగ్గరికి వేసి, పొయ్యి పక్క బండ లేపి కుండ బయటికి తీసింది. కుండలో తెల్లగుడ్డ, గుడ్డలో నోట్లు, నోట్ల మధ్య ఎండు వేపాకు.

నీలెక్కనే దాచినా తమ్మీ అని ఆమె మురిసిపోతూ చెప్పింది. పోశయ్యకు రోగం నయమైందని, ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టర్లు చెప్పారు. ఇంట్లోకి రానిస్తే తాము గడప తొక్కమని మరుదులు చెప్పారు. అందుకని పెరట్లో తమ్ముడికి వేరే గది, ఒక చిన్న అర్ర వేయించాలని ఆమె ఆశ. దానికొక కిటికీ ఉండాలట, పోశయ్యకు వీధి కనిపించాలట. ఇవి ఇప్పుడు ఎంత పిరమయ్యాయో చెప్పమని ఆమె మామ చేతిలో కట్ట పెట్టింది.

అప్పుడు చెప్పాలి. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి ఘడియ రాదు. మామ ఏమన్నాడో తెలుసా? ఇంకొన్ని దినాలు ఆగక్కా అన్నాడు. అని బయటికి వచ్చి, పండుగ బట్టల మీదనే చెరుకు బండ్ల అడ్డా దాకా నడిచి, అక్కడ కూర్చుండిపోయాడు. తేలు కుట్టిన దొంగకు అరవడానికి ఉండదు అంటారే, అది మా మామే.

మర్నాడు నిజామాబాద్ బ్యాంకుకు పోయి అడిగాడు. గడువు అయిపోయిందన్నారు. తన జర్మన్ నోట్లన్నీ గుడ్డలో చుట్టుకుని హైదరాబాద్ పోయాడు. వాటిని అమ్మి ఆమెకు కల్దార్ ఇద్దామని. జుమ్మేరాత్ బజారు సాయబు నోట్లు తిప్పి చూసి, చాయ్ తెప్పించి, నవాబు కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఇవి దేశదేశాల్లో గుట్టలున్నాయి, నీలాంటి పిచ్చోళ్లు నలుగురు తప్ప కొనేవారు లేరన్నాడు. వచ్చిన బస్సులోనే మామ తిరిగొచ్చాడు. జీతంలోంచి కొంచెం కొంచెం వెనకేసి ఇద్దామనుకున్నాడు కానీ నలుగురు పిల్లల ఇంట్లో వెనకేసింది పిల్లల జ్వరాలకే సరిపోయింది.

ఇక అక్కడి నుంచి మామ గల్లీలో నడవడం మానేశాడు. ఫ్యాక్టరీ నుంచి రైలు పట్టాల వెంట చుట్టు తిరిగి వెనక సందులోంచి ఇల్లు చేరేవాడు. హోటల్లో బెంచీ మీద ఆయనకు విడిచిన చోటు ఖాళీగా ఉండేది. ఎవరైనా జర్మన్ అన్నా అని పిలిస్తే ఉలిక్కిపడేవాడు. ఏమైందని నేను అడిగితే నీ పని చూసుకో అన్నాడు. నామీద ఎన్నడూ గొంతు లేపని మనిషి. ఆయన దారి తప్పించుకుంటే వెంకటవ్వ ఊరుకుంటుందా? ఆమె వెనక సందు మొదట్లో నిలబడి, ధర వచ్చిందా తమ్మీ అని అడిగేది. ఆయన ఇంకా రాలేదనేవాడు. పసుపు ఇంటి మనిషి కాబట్టి ఆమె ఆగేది. ఆగడం ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మామ సిగ్గు ఆమె ఓపిక మీద రెండు ఎండాకాలాలు బతికింది. నాకు ఇప్పటికీ దానికే మండుతుంది.

మూడో ఎండాకాలం ఆమె ఆగలేదు. మేస్త్రీతో మాట్లాడి, ఇటుక బట్టీలో చెప్పి, కట్టను కొంగులో కట్టుకుని నేరుగా మామ ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున. నేను అత్తకు కిరసనాయిలు డబ్బా ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాను. మామ చాప మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె గడప లోపల కూర్చుని కట్ట విప్పింది.

"గింతకన్న ఆగలేను తమ్మీ. ఎంతకు పోతే గంతకు అమ్మిపెట్టు. పోశిగాడు దినాలు లెక్కపెడ్తున్నడు."

మామ చేతిలో కత్తి ఆగిపోయింది. సగం చెంప నురుగుతోనే ఉంది. ఇంకోసారి ఆగమంటాడేమో అనుకున్నాను. ఆయన కత్తి కింద పెట్టి, ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"గవి నడువయి అక్కా. ఎన్నటికీ నడువయి. గడువు ఎప్పుడో పోయింది. నాకు ఎరికే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. సర్కారు మార్చుకోమన్నప్పుడు మార్చుకోవాల్సిందా అని అడిగింది. అవునన్నాడు. నువ్వు మార్చుకున్నావా అని అడిగింది. దానికీ అవునన్నాడు. అత్త వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు లేచి పోవాలనిపించింది. నేను మాట్లాడినా అది మామను కాపాడటానికే అయ్యేది.

వెంకటవ్వ కట్టను తన దగ్గరికి లాక్కుంది. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని ఎదురు చూశాను. తిడితే మామకు బాగుండేది. ఆమె తిట్టలేదు. మామ నోట్ల పెట్టె గూట్లో కనిపిస్తోంది, దాని వంక వేలు చూపించింది.

"మరి నువ్వెందుకు దాస్తివిరా గవి?"

ఏళ్ల తరబడి చాయ్ హోటల్లో చెప్పలేని మాట, పెళ్లానికి చెప్పలేని మాట, ఆ పొద్దు సగం గీసిన గడ్డంతో చెప్పాడు.

"సూడ ముద్దుగుంటయని అక్కా."

ఇంత చిన్న మాట. ఇది మొదటే చెప్పి ఉంటే గల్లీ నవ్వేది, నాలుగు రోజులు నవ్వి మరిచిపోయేది. మామ మొహం ఎర్రగా అయింది. కళ్లల్లో నీళ్లు నురుగులోకి దిగాయి. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, ఆయనను ఆ స్థితిలో చూసినందుకు నాకే సిగ్గుగానూ అనిపించింది.

వెంకటవ్వ తన కట్టలోంచి ఒక నోటు తీసింది. హాలీ నోటు మీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ అన్నీ ఉంటాయి. ఆమెకు ఏదీ చదవ రాదు. మామ చేసినట్టే దాన్ని వాకిట్లోని ఎండకు ఎత్తి పట్టుకుని చూసింది. తర్వాత మడిచి, కట్టలో పెట్టి, గుడ్డ ముడి వేసి, మామ ముందు చాప మీద పెట్టింది.

"గివి గూడ ముద్దుగనే ఉన్నయి తమ్మీ. నువ్వే దాసుకో."

లేచి, కొంగు దులుపుకుని పోయింది. ఆ ఆదివారం కూడా బస్సుకు పోయింది, గట్క పట్టుకునే పోయింది. తమ్ముడికి ఏం చెప్పిందో మాకు తెలియదు.

అర్ర లేవలేదు. పోశయ్య దవఖాన తోటలో పని చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు, అక్కడే పోయాడు. తన ఇంటి ముందు అర్ర పోశయ్యకు ఇస్తానని మామ ఒకసారి అన్నాడు. నీ పిల్లలకు పెళ్లిళ్లు కావాలి తమ్మీ అని ఆమే వద్దంది. ఆమె ఆ మాట అనగానే తనకు లోపల హాయి అనిపించిందని, ఆ హాయి తలుచుకుంటేనే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గని మామ నాతో చెప్పాడు. దసరాకు జమ్మి పట్టుకుని ఆమె ఇంటికి పోయేవాడు కానీ బంగారం అనే మాట నోట రాక, ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కి వచ్చేసేవాడు. ఆమె బతికున్నన్నాళ్లూ దీవిస్తూనే ఉంది.

జర్మన్ నోట్లు మెల్లగా ఎటో పోయాయి. ఫ్యాక్టరీకి వచ్చిన ఇంజనీర్లకు కొన్ని ఇచ్చాడు, నీలి నోటు చెదలు తింది. ఆయన పట్టించుకోలేదు. కానీ వానలు వెళ్లాక గాలి తగిలించడం మానలేదు. మొన్న, డెబ్భై నాలుగులో, రిటైరయ్యాక కూడా చాటలో తెల్లగుడ్డ పరిచి హాలీ నోట్లు ఒక్కొక్కటే ఆరబెడుతూ కనిపించాడు. గల్లీకి కొత్తగా కిరాయికి వచ్చిన ఒకాయన గోడ మీంచి చూసి, ఇవేం నోట్లు పెద్దయ్యా, ఎంతొస్తాయి అని అడిగాడు.

ఏమీ రావన్నాడు మామ. మరి ఏమిటివి అని ఆయన మళ్లీ అడిగాడు. మామ చేతిలో ఉన్న నోటు మీద దుమ్ము దులిపి, చాటలో మిగతావాటి పక్కన పెట్టాడు.

"పోశయ్య అర్ర," అన్నాడు.